కుడిచేతి గోరింటాకు

గణేష్‌బాబు గారు షెడ్డు లోపలికి రారు. రొయ్యల వాసన ఆయనకి పడదు. రొయ్యల మీదే మేడ కట్టిన మనిషికి రొయ్యల వాసన పడకపోవడం ఏమిటని అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. కాలవగట్టు మీద ఆయన కారు ఆగితే గుమస్తా సామ్యేలు పరిగెత్తుకెళ్ళి, చెప్పింది విని వచ్చి, సూపర్‌వైజరు మాణిక్యానికి చెప్తాడు. మాణిక్యం బల్లల దగ్గర రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళకి చెప్తుంది. అలా మాట మెట్లు దిగుతూ రావడం వాళ్ళకి అలవాటు. ఆ శుక్రవారం మాత్రం ఆయన తడి నేల మీద బూట్లు జారకుండా చూసుకుంటూ లోపలికి వచ్చి, తిన్నగా మాణిక్యం కుర్చీ దగ్గర ఆగారు.

"మాణిక్యం, ఓసారి ఇలా బయటికి రామ్మా," అన్నారు.

స్టీలు బల్లలకి అటూ ఇటూ నిలబడ్డ నలభై మంది ఆడవాళ్ళూ తలలెత్తలేదు. చేతులు మాత్రం నెమ్మదించాయి. తల తుంచి, పొట్టు లాగి, వీపు చీల్చి నల్లటి నరం తీసి ఐసు నీళ్ళలో పడేసే చేతులవి. వాళ్ళు చెవులు రిక్కించారని చేతులు చూసి చెప్పగలదు మాణిక్యం. ఆమె కూడా ఆ బల్ల దగ్గరే పదహారేళ్ళు నిలబడింది. కుర్చీ వచ్చి మూడేళ్ళయింది.

బయట ఐసు పెట్టెల నీడలో ఆయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని విషయం చెప్పారు. అందరి జీతాల్లోంచీ పి.ఎఫ్. పట్టుకుంటున్నారు. ఆ డబ్బు రాజమండ్రి ఆఫీసులో కట్టాలి. కొన్నాళ్ళుగా కట్టలేదు.

"కట్టలేదంటే ఏంటండి?" అంది మాణిక్యం. "మాకు పట్టుకుంటూనే ఉన్నారు కదండి."

"పట్టుకున్నాం. కాదనట్లేదు. ఎగుమతులు పడిపోయాయి కదమ్మా, ఆ డబ్బు సరుకు కొనడానికి పోయింది. ఇప్పుడు నోటీసిచ్చారు. వాయిదాల్లో కట్టుకోనిస్తారంట గానీ నా మాట ఒక్కటీ చాలదంట. బ్యాంకు గ్యారంటీ అయినా తేవాలి, సొంత ఆస్తున్న మనిషెవరైనా జామీను అయినా ఉండాలి. నావన్నీ బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. నీ ఇల్లు నీ పేరునే ఉంది కదా. కాగితం చూపించి ఓ సంతకం పెడితే సరిపోద్ది. పేరుకే."

ఆ ఇల్లు రెండు సెంట్లలో ఒక గది, ఒక వరండా, పైన స్లాబు. మొగుడు బతికున్నప్పుడు తాటాకు పాక. ఆయన పోయాక ఆమె గోడ ఒక ఏడూ కప్పు ఒక ఏడూ చొప్పున లేపింది. వానొచ్చినప్పుడల్లా ఇప్పటికీ పైకి చూస్తుంది, కారట్లేదని మళ్ళీ ఒకసారి నమ్మడానికి.

"లేపోతే ఏం చేస్తారండి?"

"షెడ్డుకి తాళం వేస్తారు," అన్నారాయన. బెదిరించినట్టు కాదు, నిజంగానే దిగులుగా అన్నారు. "సోమవారం రమ్మన్నారు. నువ్వు మా మనిషివని అడుగుతున్నాను."

ఆమె తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, పక్కన కాటా. సామ్యేలు నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పే సరికి షెడ్డంతటికీ తెలిసిపోయింది.

ఆడవాళ్ళు అన్నాలు తినేటప్పుడు గుండ్రంగా కూర్చుని కూరలు కలుపుకుంటారు. ఎవరి కూర ఎవరు తింటున్నారో తెలియనంతగా. మాణిక్యానికి కుర్చీ వచ్చిన మొదటి రోజే ఎవరో ఒక మూతలో అన్ని కూరలూ కొంచెం కొంచెం వేసి, "తీసుకోండి మేడమ్ గారూ," అని ముందుగా తెచ్చి ఇచ్చారు. మర్యాదే. ఆ మర్యాదతోనే ఆమెని గుండ్రంలోంచి బయట పెట్టేశారు. అంతకు ముందు "ఏమే", "ఒదినా", కోపమొస్తే దానికి మించిన మాటలూ ఉండేవి. ఆ రోజు నుంచి అండీ, గారూ. గోదావరి వాళ్ళ మర్యాదకి ఎవరూ వంక పెట్టలేరు. తలుపు వేసుకున్నా గడియ చప్పుడు వినపడనివ్వరు.

ఆ రోజు కూడా మూత వచ్చింది. మామూలు కంటే కూర ఎక్కువుంది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు ఆమె ఇంటికొచ్చారు. ఆరుగురో ఏడుగురో. కుర్చీ వచ్చాక షెడ్డు వాళ్ళెవరూ ఆ గడప తొక్కలేదు. గుమ్మంలో అన్ని జతల చెప్పులు చూసి మాణిక్యానికి కాసేపు నిజంగానే పండగలా అనిపించింది. చాప పరిచింది. గ్లాసులు చాలక గిన్నెల్లో కూడా టీ పోసింది. వచ్చినవాళ్ళలో రూతు ఉందేమోనని చూసింది. రూతు రాలేదు.

రూతు షెడ్డులో అందరికంటే పెద్దది. పదహారేళ్ళూ మాణిక్యం ఎడమ పక్కన నిలబడ్డ మనిషి.

"ఇల్లు ఎంత చల్లగా ఉందండి," అంది ఉషారాణి గోడలు చూస్తూ. ఆ పిల్లకి ఏడో నెల. నడుం మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"మెత్తళ్ళ కూర తెచ్చామండి, మీకిష్టమని," అంది ఇంకొకామె.

ఎండల గురించి మాట్లాడారు. సంతలో ఎండుచేపల ధర గురించి మాట్లాడారు. ఆఖరికి ఉషారాణే తెగించింది.

"మాణిక్యం గారండీ, మన డబ్బు ఆయన వాడేసుకున్నాడని మాకూ తెల్సండి. ఏం చేత్తామండి, గట్టిగా అడిగితే ఉన్న పనీ పోతాది. తాళం పడితే నేనీ కడుపేసుకుని ఏ షెడ్డుకెల్తానండి? ఇంకో షెడ్డోళ్ళు నన్ను రానిత్తారా? మీరా సంతకం ఒకటీ ఎట్టేత్తే..."

"ఇల్లు పోతే?" అంది మాణిక్యం.

"పోదండి," అన్నారు నలుగురు ఒక్కసారే. పోతే ఏమవుతుందో తెలిసినవాళ్ళే అంత గట్టిగా పోదంటారు.

వెళ్ళేటప్పుడు ఒకామె చీర కొంగులోంచి అరిటాకు పొట్లం తీసి గూట్లో పెట్టింది. "గోరింటాకండి. ఇప్పుడే రుబ్బాం. పెట్టుకోండి," అంది.

గోరింటాకు షెడ్డు ఆడవాళ్ళకి సింగారం కాదు. రొయ్య ముల్లు గుచ్చుకుని, పొట్టు నీళ్ళకీ ఐసుకీ వేళ్ళ కొసలు చివికిపోతాయి. గోరింటాకు పెడితే తోలు గట్టిపడుతుంది. అందుకని ఆదివారం ఆదివారం రూతు పెరట్లో రోటి దగ్గర చేరి రుబ్బుకుని, ఒకళ్ళ వేళ్ళకి ఒకళ్ళు టోపీల్లాగా పెట్టుకుంటారు. మొగుడు పోయినదానికి గోరింటాకేమిటని ఊళ్ళో ఎవరైనా అంటే రూతు వాళ్ళ ఏడుతరాలూ దులిపేసేది. మాణిక్యం రెండు చేతులకీ పదహారేళ్ళూ రూతే పెట్టింది. కుర్చీలో కూర్చునే చేతులకి ఆ అవసరం లేదు. ఎవరూ పిలవలేదు, ఆమె కూడా వెళ్ళలేదు. వేళ్ళు తెల్లబడ్డాయి.

వాళ్ళు వెళ్ళిపోయాక పొట్లం విప్పుకుని వరండాలో కూర్చుంది. కుడిచేత్తో ఎడంచేతి వేళ్ళకి ఒక్కొక్కటిగా పెట్టుకుంది. బాగానే కుదిరింది. కుడిచేతికి పెట్టుకోబోతే ఎడంచేతి వేళ్ళన్నీ ముద్దలు కట్టి ఉన్నాయి. ఒక వేలికి పెడితే ఇంకో వేలిది జారి ఒళ్ళో పడింది. రెండు మూడుసార్లు చూసి ఊరుకుంది. ఆకు ఇచ్చారు, మర్యాదగా ఇచ్చారు. పెట్టే మనిషిని ఇవ్వలేదు. ఆ ముక్క అప్పుడు తట్టింది ఆమెకి, తట్టాక కూర సయించలేదు.

సోమవారం రెండుసార్లు స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కారెక్కింది. గణేష్‌బాబు గారు ముందు సీట్లో కూర్చుని అద్దం కొంచెం దించుకున్నారు. రావులపాలెంలో కారు ఆపి టిఫిను పెట్టించారు. తను ఫోను మాట్లాడుకుంటూ వేరే బల్ల దగ్గర కూర్చున్నారు. పెసరట్టు వేడిగా, మంచిగా ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీని చూస్తూ తింది. ఇల్లు పెట్టేస్తే పోయేదేముంది, కనీసం వాళ్ళు గుమ్మంలోకైనా వస్తారు కదా అనుకుంది. ఆ ఆలోచనకి ఆమెకే సిగ్గేసింది. అయినా అదే అనుకుంది. వంతెన మీద గోదారి దాటేటప్పటికి సంతకం పెట్టెయ్యాలనే నిశ్చయించుకుంది.

రాజమండ్రి ఆఫీసులో ఆఫీసరు శ్రీసుధ గారని, చిన్న వయసు ఆవిడ. కళ్ళజోడు పైకి తోసుకుంటూ కాగితాలన్నీ చదివింది. తొందరపడలేదు.

"మీరేం పని చేస్తారండి?" అని మాణిక్యాన్ని అడిగింది.

"షెడ్డులో సూపర్‌వైజర్నండి."

"అయితే మీ జీతంలోంచి కూడా పి.ఎఫ్. పట్టుకున్నారు."

"పట్టుకున్నారండి."

ఆవిడ పెన్ను మూత పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు కాకుండా, తోటి మనిషికి చెప్పినట్టు చెప్పింది. "మీరు సంతకం పెడితే మేం తీసుకుంటామండి. తీసుకోకూడదని లేదు. కానీ ఏం జరుగుతుందో తెలుసుకుని పెట్టండి. ఈయన వాయిదా తప్పితే మేం మీ ఇల్లు వేలం వేస్తాం. వచ్చిన డబ్బు షెడ్డులో అందరి ఖాతాల్లోనూ వేస్తాం. మీ ఖాతాలో కూడా వేస్తాం."

మాణిక్యం దాన్ని మనసులో ఇటూ అటూ తిప్పి చూసింది. తన ఇల్లు అమ్మి, తన జీతంలోంచి పోయిన డబ్బు తనకే ఇస్తారు. నవ్వొచ్చేలా ఉంది గానీ నవ్వు రాలేదు. అయినా పెన్ను అందుకుంది. ఉషారాణి నడుం మీద చెయ్యి వేసుకుని కూర్చున్న తీరు కళ్ళ ముందే ఉంది.

శ్రీసుధ గారు గణేష్‌బాబు గారి వైపు తిరిగింది. "అమలాపురంలో మీ మిసెస్ గారి పేరు మీద ఇల్లుంది కదండి. తాకట్టులో లేదు. అది చూపించొచ్చు కదా?"

"అదాండి," అన్నారాయన. కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "అది వద్దండి. మేమందులోనే ఉంటున్నాం కదండి. ఆవిడ ముచ్చటపడి కట్టించుకుంది. వ్యాపారం అన్నాక లక్ష ఇబ్బందులు వస్తాయండి, ఉన్న ఇంటిని ఇలాంటి వాటిల్లోకి లాగితే ఆవిడకి నిద్ర పడుతుందా చెప్పండి."

ఆ మాటలో కల్లాకపటం లేదు. షెడ్డు దగ్గర ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో అన్నారు. మాణిక్యం ఆయన మొహం చూసింది. ఇల్లంటే ఏమిటో తెలియక అడిగాడని ఈ మూడు రోజులూ సరిపెట్టుకుంది. ఆయనకి తెలుసు. బాగా తెలుసు. ఆమెకి ఒళ్ళంతా మండింది. మొగుడు పోయిన రోజున కూడా అంత కోపం రాలేదు.

పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"మాదీ ఇల్లేనండి," అంది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. గణేష్‌బాబు గారు "మాణిక్యం," అని మాత్రం అన్నారు. ఆమె కాగితాలు ఒక్కొక్కటే ఏరుకుని, కవర్లో పెట్టుకుని, కవరు మూతి రెండు మడతలు మడిచింది. కవరుని పొట్టకి అదుముకుంది. శ్రీసుధ గారు ఆపలేదు. "జాగ్రత్తగా వెళ్ళండమ్మా," అంది.

ఆమె మెట్లు దిగేసరికి వెనకాలే దిగిన ఆయన కారెక్కారు. కారు వెళ్ళిపోయింది.

దారి అడుక్కుంటూ నడిచి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అమలాపురం బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. కడియం దగ్గర మొక్కల తోటలు వెనక్కి పోతున్నాయి. ఆమెకి బాబు గారంటే భయం వెయ్యలేదు. రేపు పొద్దున్న నలభై మొహాలు చూడాలి, అదే భయం. నిన్న తాగిన టీ గిన్నెలు కూడా ఇంకా తోమలేదని గుర్తొచ్చింది.

పక్క సీటులో కూర్చున్నావిడ ఆమె ఒళ్ళో కవరు మీదున్న చేతుల్ని చూసింది. "ఒక చేతికే పెట్టుకున్నారేంటండి?" అంది.

"ఆకు చాల్లేదండి," అంది మాణిక్యం. అని, కిటికీ వైపు తిరిగి ఊరు వచ్చేదాకా ఏడ్చింది.

మంగళవారం షెడ్డుకి తాళం ఉంది. ఆఫీసు వాళ్ళు వేసింది కాదు, బాబు గారే వేయించారు. సామ్యేలు తాళంచెవుల గుత్తి వేలికి తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "బాబు గారు చెప్పేదాకా తియ్యొద్దన్నారు. సరుకు లారీ కూడా వద్దన్నారు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు. ఆడవాళ్ళు క్యారేజీలు ఒళ్ళో పెట్టుకుని కాలవగట్టు మీద వరసగా కూర్చున్నారు.

మాణిక్యం గట్టు కింద నుంచి నడిచి వచ్చి వాళ్ళ ముందు ఆగింది. రాకుండా ఇంట్లో కూర్చోవచ్చు. ఇంట్లో ఒక్కతే కూర్చుని వాళ్ళు ఏమనుకుంటున్నారోనని ఊహించుకోవడం కంటే ఇదే నయమనిపించింది.

ఉషారాణి లేచింది. లేవడానికి కష్టపడి, పక్కదాని భుజం పట్టుకుని మరీ లేచింది.

"ఎంత పని చేసేవే మాణిక్యమొదినా," అంది. "నోరారా అడిగేం కదే నిన్ను. నా కడుపు చూసైనా జాలి రాలేదా నీకు?"

"ఆ ఇల్లు నెత్తి మీదెట్టుకుని ఊరేగవే," అంది వెనకనుంచి ఇంకొకత్తి.

"టీ ఇచ్చి పంపింది గదా అనుకున్నాం. గుండె రాయి దీనికి."

"కుర్చీ ఎక్కినకాణ్ణించీ ఇంతే ఇది. కళ్ళు నెత్తికెక్కేయి."

మాణిక్యం నిలబడి వింది. మొదట మాటలు తగిలాయి. తగిలిన తర్వాత ఇంకేదో తెలిసింది. అండీ లేదు. గారూ లేదు. మేడమ్ లేదు. అందరూ ఒకేసారి, తడుముకోకుండా, మూడేళ్ళనాడు వదిలేసిన చోటనుంచి అందుకున్నట్టు తిడుతున్నారు. ఆమెకి ఏడుపు రావలసింది పోయి రోషం పొడుచుకొచ్చింది.

"ఎందుకెట్టాలే నా ఇల్లు?" అంది గట్టిగా. "ఆయన పెళ్ళాం ఇల్లుందంట అమలాపురంలో. అది పెట్టమంటే పెట్టనన్నాడు. నా ఎదురుగా అన్నాడు. మీ డబ్బు తిన్నది నేనా? నా ఇల్లు పోతే మీలో ఎవత్తయినా నన్ను ఇంట్లో ఉండనిచ్చేదా?"

"ఉండనిద్దుం," అంది ఉషారాణి, అంతే కోపంగా. "ఎందుకుండనివ్వం? అంత పాపిష్టోళ్ళలాగ కనపడ్డామా నీకు?"

ఆ మాట మీద ఇద్దరూ ఆగిపోయారు. ఇంక ఎలా తిట్టుకోవాలో తెలియలేదు.

పొద్దెక్కినా ఎవరూ ఇళ్ళకి పోలేదు. అన్నాల వేళకి సామ్యేలు ఫోను మోగింది. దూరంగా వెళ్ళి, అండీ అండీ అని వింటూ ఉండి, వెనక్కి వచ్చాడు. బాబు గారి మిసెస్ గారు ఒప్పుకున్నారంట, ఆవిడ ఇంటి కాగితమే ఆఫీసులో పెడుతున్నారంట. రేపటినుంచి లారీ వస్తుందంట. అది చెప్పి, గొంతు తగ్గించి, నేల చూస్తూ మిగతాది కూడా చెప్పాడు. సూపర్‌వైజరుగా భీమవరంనుంచి ఎవరో వస్తున్నారంట. మాణిక్యం కావాలంటే బల్ల దగ్గరికి రావచ్చంట.

ఎవరూ సంబరపడలేదు. ఇందాక అన్న మాటలు వెనక్కి తీసుకోనూ లేదు. చీరలు దులుపుకుని, క్యారేజీలు తీసుకుని, ఇద్దరూ ముగ్గురుగా గట్టు దిగి వెళ్ళిపోయారు. ఉషారాణి వెళ్తూ వెళ్తూ మాణిక్యం పక్కన ఒక్క క్షణం ఆగి వెళ్ళింది.

రూతు మాత్రం లేవలేదు. పొద్దున్నుంచీ ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు మాణిక్యం చేతిని పట్టుకుని కిందికి లాగి, వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరు పెట్టేరే ఇది, ఇంత దరిద్రంగా?"

"నేనే."

"రెండో చెయ్యి?"

మాణిక్యం కుడిచెయ్యి కూడా చాపింది.

"రేపు ఇదే తెల్ల చెయ్యి ఐసులో ఎడతావు. సాయంత్రానికి తోలు ఊడి చేతికొత్తాది. మూడేళ్ళు కూకుని సుబ్బరంగా దూదిలాగ చేసుకున్నావు. పద," అంది రూతు.

పెరట్లో రోలు అక్కడే ఉంది. రూతు కొమ్మ వంచి ఆకు దూసింది. చింతపండు వేసి రుబ్బుతూ తిట్టింది, రోలు కడుగుతూ తిట్టింది. కొబ్బరిచెట్టు నీడలో చాప వేసి, మాణిక్యం కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టింది. ముద్ద చల్లగా ఉంది.

"ఆదివారం నువ్వు రాలేదేం?" అని అడిగింది మాణిక్యం.

రూతు చెయ్యి ఆగలేదు. "వచ్చి ఏమనాలే? ఇల్లు పెట్టమనడానికి నాకు నోరు రాలేదు. పెట్టొద్దనడానికీ రాలేదు. నా కోడలూ ఆ బల్ల దగ్గరే కదా." ఒక వేలు పూర్తిచేసి మళ్ళీ అంది, "ఇంట్లోనే కూకున్నాను. పిరికిదాన్నే, నాకు తెల్సు."

కుడిచెయ్యి అయింది. ఎడంచెయ్యి కూడా లాక్కుని, ఉన్న రంగు మీదే మళ్ళీ పెట్టడం మొదలుపెట్టింది. "అది పండింది కదా," అంటే, "ఊరుకో, నీకేం తెల్సు," అంది. రెండు చేతులూ కదలడానికి వీల్లేకుండా అయ్యాయి. మాణిక్యం వాటిని మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని కూర్చుంది. కళ్ళు నిండాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

"ఆరేదాకా కదలకు," అంటూ రూతు తన క్యారేజీ విప్పింది. అన్నం, చేపల పులుసు. పొద్దున్న గట్టు మీద ఎవరూ తినలేదు. కలిపి, ముద్ద చేసి, మాణిక్యం మొహం ముందు పెట్టింది.

"నోరు తెరువే. ఏడవడం తర్వాత."

మాణిక్యం నోరు తెరిచింది.